పిల్లల వైద్యం కోసం పరుగు: ముంబై వెళ్లాలా, వైజాగ్ చాలా, మన ఊరి రోడ్డేనా?

మూడేళ్ల కిందట ఒక పెద్ద నగరంలో హాఫ్ మారథాన్ పరుగెత్తాను. పిల్లల గుండె జబ్బుల కోసం పనిచేసే ఒక సంస్థకి చందాలు పోగుచేస్తూ పరుగెత్తడం అది మొదటిసారి. 14,200 రూపాయలు వచ్చాయి. రానూపోనూ రైలు, రెండు రాత్రులు లాడ్జి, ఎంట్రీ ఫీజు, ఆటోలు, తిండి కలిపి నా జేబులోంచి 9,600 పోయింది. శ్రీకాకుళం తిరిగొచ్చాక మా పెద్దమావయ్య ఈ లెక్కంతా తాపీగా విని, "ఒరే, ఆ తొమ్మిదివేల ఆరొందలూ నువ్వే ఇచ్చీసుంటే ఇరవైమూడు వేలు దాటీది కదరా. కాళ్లనొప్పులూ తప్పీవి" అన్నాడు.

అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు మాత్రం "చారిటీ రన్ చేద్దామనుకుంటున్నాను, ఏది మంచిది?" అని ఎవరడిగినా ముందు ఈ లెక్కే చెప్తున్నాను. చాలామంది ఐదా, పదా, ఇరవై ఒకటా అని దూరం దగ్గర మొదలుపెడతారు. అసలు చూసుకోవాల్సినవి రెండు. మీకు చందా ఇచ్చేవాళ్లు ఎవరు? ఆ డబ్బు ఏ పిల్లల దగ్గరికి, దేనికోసం వెళ్తుంది? ఈ రెండూ తేలితే ఏ పరుగో దానంతటదే తేలుతుంది.

పెద్ద నగరం మారథాన్

ముంబై మారథాన్ 2004లో మొదలైంది. ఏటా జనవరిలో జరుగుతుంది. చారిటీ పరుగంటే మన దేశంలో మొదట గుర్తొచ్చేది అదే. అక్కడ స్వచ్ఛంద సంస్థల కోసం చందాలు పోగుచేసే ఏర్పాటు పరుగుతో పాటే నడుస్తుంది. నచ్చిన సంస్థని ఎంచుకుంటే మీ పేరుతో ఒక చందా పేజీ ఇస్తారు. 'చారిటీ బిబ్' (సంస్థ తరఫున దొరికే పరుగు నంబరు) తీసుకుంటే మాత్రం ఇంత మొత్తం పోగుచెయ్యాలనే షరతు ఉంటుంది. ఆ మొత్తం, ఆ నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి నిరుడు వెళ్లినవాళ్ల మాట పట్టుకుని దిగిపోకండి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో వస్తుంది. మన వాళ్లకి అక్కడ ఉండడానికి ఎవరో ఒకరి ఇల్లు దొరుకుతుంది కాబట్టి ముంబైతో పోలిస్తే అది నయం.

వీటి బలం పేరులో ఉంది. "ముంబైలో పరుగెడుతున్నాడట" అంటే వంద ఇచ్చేవాడు ఐదొందలు ఇస్తాడు. ఐటీ కంపెనీలో పనిచేస్తూ టీమ్‌లో నలభై మంది ఉన్నవాళ్లకి, ఉద్యోగి పోగుచేసినదానికి అంతే మొత్తం కంపెనీ కలిపే పద్ధతి ఉన్నవాళ్లకి ఇదే సరైన దారి. అలాంటి చోట ఒక్క మెయిల్ పెడితే వచ్చేది, మన బజార్లో నెల్లాళ్లు తిరిగినా రాదు.

ఇక్కడ ఉండి ఇక్కడే పనిచేసుకునే టీచరుకో, దుకాణదారుకో లెక్క వేరు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబైకి దాదాపు ఒక రోజున్నర. ఎక్కడానికి కూడా ముందు ఆమదాలవలస వెళ్లాలి, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్ అయినా సరే! ఆ ఖర్చుని చందాల్లోంచి తీసుకోవడం తప్పు, సొంతంగా పెట్టుకుంటే మా మావయ్య మాట వినాలి. నా మట్టుకు నాకు గీత ఇది: ప్రయాణం ఖర్చుకి కనీసం ఐదింతలు చందాలు రాగలవన్న నమ్మకం లేకపోతే వెళ్లకండి. ముంబై సముద్రం పక్కన పరుగెత్తాలన్న కోరిక ఉంటే తప్పకుండా వెళ్లండి, దానికి పిల్లల పేరు మాత్రం పెట్టకండి.

వైజాగ్

విజయనగరం వాళ్లకి ఇది బాగా కుదురుతుంది. నేవీ మారథాన్ ఆర్కే బీచ్ దగ్గర జరుగుతుంది, శీతాకాలంలో. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్ల లోపే కాబట్టి తెల్లవారుజామున మూడింటికి కారులో బయల్దేరినా అందుకుంటారు. శ్రీకాకుళం నుంచి 110 కిలోమీటర్లు, ముందురోజు రాత్రే వెళ్లి పడుకోవాలి. అయినా పెదనాన్న గారింట్లోనో, అక్క వాళ్లింట్లోనో సర్దుకునేదే కాబట్టి లాడ్జి ఖర్చు ఉండదు. బీచ్ రోడ్డు చదునుగా ఉంటుందని అనుకుని వెళ్లకండి. రుషికొండ వైపు సాగేకొద్దీ ఎత్తుపల్లాలుంటాయి, గాలిలో తేమ ఊపిరి ఆడనివ్వదు.

ఒక్క విషయంలో చాలామంది పొరపడతారు. ఏ మారథాన్‌కైనా మీరు కట్టే ఎంట్రీ ఫీజు వేరు, మీరు పోగుచేసే చందా వేరు. "రిజిస్ట్రేషన్‌కి డబ్బు కట్టాను కదా, చారిటీ అయిపోయింది" అనుకున్న ఇద్దరు నాకు తెలుసు. ఫీజు పోయేది నీళ్లకి, టీషర్టుకి, టైమింగ్ చిప్‌కి, మెడల్‌కి. పిల్లల సంస్థకి ఏమైనా వెళ్లాలంటే ఆ పని మీరు విడిగా చెయ్యాల్సిందే.

మన ఊళ్లోనే, నెల రోజులు

నేను ఇప్పుడు చేసేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఒక నెలలో 100 కిలోమీటర్లు అని ప్రకటిస్తారు. చందా ఇచ్చేవాళ్లు కిలోమీటరుకి ఇంత అని మాట ఇస్తారు. కిలోమీటరుకి 10 రూపాయల చొప్పున 40 మంది ఒప్పుకుంటే, మీరు వందా పూర్తి చేస్తే 40,000. ఖర్చు మీ చెమట, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వారానికి ఐదు రోజులు పరుగెత్తితే రోజుకి నాలుగున్నర కిలోమీటర్లు పడుతుంది. ఆపకుండా పరుగెత్తక్కర్లేదు. మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అన్నా కిలోమీటరు కిలోమీటరే. ఎప్పుడూ పరుగెత్తనివాళ్లయితే ఛాలెంజ్‌కి రెండు నెలల ముందు నడకతో మొదలుపెట్టాలి. నలభై దాటి బీపీనో షుగరో ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ప్రకటనలు చెయ్యకండి.

ఈ పద్ధతిలో డబ్బు కంటే ఎక్కువగా పనిచేసేది ఒకటుంది. మీరు రోజూ కనిపిస్తారు. మారథాన్ ఒక్క ఆదివారం పొద్దున అయిపోతుంది, ఫొటో పెడతారు, లైకులు వస్తాయి, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. నెల్లాళ్లూ 80 అడుగుల రోడ్డు మీద అదే నీలం టీషర్టులో కనిపిస్తే మూడో వారానికి జనమే ఆపి అడుగుతారు. నా విషయంలో మొదట అడిగింది ఆ రోడ్డు చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ. పదకొండో రోజు మడమ పట్టేసి కుంటుతూ వస్తుంటే, గరిటె పైకెత్తి, "బాబూ, రోజూ ఎవులు తరుముతున్నారు?" అంది. చెప్పాను. వింతగా చూసింది. "పరుగెడితే డబ్బులెందుకిత్తారు?" అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. "ఊరికే అడిగితే మొహమాటం, ఇలాగైతే ఏదో కష్టపడుతున్నాడు కదా అని ఇస్తారమ్మా" అన్నాను. ఆలోచించి, "అయితే కిలోమీటరుకి రెండ్రూపాయలు రాసుకో" అంది.

చిక్కులూ ఉన్నాయి. కిలోమీటరు లెక్కన మాట ఇచ్చినవాళ్లలో కొందరికి చివర్లో బిల్లు చూసి గుండె ఝల్లుమంటుంది. అందుకే మొదట్లోనే "కిలోమీటరుకి 10, వెయ్యి దాటదు" అని పైహద్దు చెప్పెయ్యండి. సగంలో కాలు బెణికితే ఏమిటన్నదీ ముందే చెప్పాలి. నేనైతే "నడిచైనా పూర్తిచేస్తాను, కుదరకపోతే ఎంతవరకైతే అంతకే ఇవ్వండి" అని రాసుకున్నాను. స్ట్రావా లాంటి యాప్‌లో ప్రతిరోజూ దూరం నమోదుచేసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ మీద అనుమానం ఉండి అడుగుతారని కాదు, చూసినవాళ్లు తమ అన్నదమ్ములకి పంపుతారని.

నెల ఎంచుకోవడంలో జాగ్రత్త. మార్చి దాటితే ఎండ, ఆ తరవాత వానలు. అక్టోబరు అసలొద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు మన కిలోమీటర్ల సంగతి ఎవరికి పడుతుంది? విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ ముందూ వెనకా పట్నం నడవడానికే సందు ఇవ్వదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచివి. అందులోనూ రథసప్తమి రోజుల్లో అరసవల్లి రోడ్డు వైపు పోకండి.

ఎక్కడ పరుగెత్తాలన్నదానికి నా ఓటు మైదానానికే. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరంలో విజ్జీ స్టేడియం. రోడ్డు మీదైతే తెల్లవారుజామున మంచు, హెడ్‌లైట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా కుక్కలు. కుక్క వెంటపడితే పరుగు పెంచకుండా ఆగి నిలబడాలి. రాసినంత తేలిక కాదు, తెలుసు. ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుంది, చందాలూ మూడు కుటుంబాల నుంచి వస్తాయి. కర్ణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా ఇది. అయినా చీకట్లో ఆడపిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని బయటికొస్తే తలలు తిరగడం మానలేదు.

మనమే ఒక 5కే (ఐదు కిలోమీటర్ల పరుగు) పెడితే?

మొదటి ఏడాది వద్దు. 150 మంది 300 చొప్పున కడితే 45,000 అని మురిసిపోతాం. టీషర్టు, మెడల్, బ్యానర్లు, నీళ్లు, అరటిపండ్లు, మైకు కలిపి మనిషికి 200 అయినా 30,000 ఎగిరిపోతుంది. మిగిలేది 15,000. దానికోసం పోలీసు అనుమతి, మున్సిపాలిటీ, అంబులెన్స్, ముఖ్య అతిథి ఎవరన్న గొడవ, వేదిక మీద కుర్చీ దక్కని పెద్దమనిషి అలక. కాలేజీయో క్లబ్బో వెనకుండి, ఖర్చంతా స్పాన్సర్లు పెట్టుకుంటే చెయ్యొచ్చు. ఎంత మిగిలిందో లెక్క బయటపెట్టే ధైర్యం కూడా ఉండాలి.

డబ్బు ఎవరికి?

పరుగు ఎంచుకోవడం కంటే ఇది కష్టం, ఇది తప్పితే మిగతాదంతా వృథా.

పుట్టే పిల్లల్లో వెయ్యికి దాదాపు 8 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందుకే పోస్టర్లలో ఎక్కువగా కనిపించేది గుండె ఆపరేషనే. అయితే ఆపరేషన్ ఖర్చు చాలా సందర్భాల్లో ప్రభుత్వ పథకం కిందికే వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్నది అదే. బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలని పరీక్షించి లోపాలు పట్టుకునే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే 2013 నుంచి నడుస్తోంది. మరి చందా డబ్బు అవసరం ఎక్కడ?

సీతంపేట కొండమీది ఊరు ఒకటి అనుకోండి. పాపకి గుండెలో రంధ్రం ఉందన్నారు, విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రాసేశారు. ఆపరేషన్ ఉచితం. కానీ తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లాలి. ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉంటుంది. రెండు వారాలు కూలి పోతుంది. వైజాగ్‌లో రెండు పూటలా అన్నం కొనుక్కోవాలి. డిశ్చార్జ్ అయ్యాక నెలకోసారి చెకప్‌కి మళ్లీ అన్ని బస్సులూ మారాలి. మూడోసారికి మానేస్తారు. మానేసిన ఆ చెకప్ దగ్గరే పాప ఆరోగ్యం తేలిపోతుంది. ఆపరేషన్ ఫొటో వేస్తే చందాలొస్తాయి, బస్సు టికెట్ ఫొటో వేస్తే రావు. నాకైతే బస్సు టికెట్లకి డబ్బిచ్చే సంస్థ మీదే ఎక్కువ గౌరవం.

ఏజెన్సీలో సికిల్‌సెల్ ఇంకో సంగతి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి, రక్తనాళాల్లో ఇరుక్కుని, పిల్లలు ఒళ్లునొప్పులతో మెలికలు తిరిగిపోయే జబ్బు. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టారు. మందు ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి, రక్తపరీక్షలు క్రమంగా జరగాలి. ఇలాంటి జబ్బుకి ఒక్కసారి ఇచ్చే లక్ష కంటే ఏటా వచ్చే ఇరవై వేలు మేలు. అందుకే సికిల్‌సెల్ పిల్లల కోసమైతే ప్రతి జనవరీ చేసే నెల రోజుల ఛాలెంజ్ కుదురుతుంది, జీవితంలో ఒకసారి చేసే ముంబై కుదరదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డుకి ఏదైనా పరికరం కొనిపెట్టాలంటే మాత్రం ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి. దానికి కంపెనీ ఉద్యోగులు, పెద్ద మారథాన్ పనికొస్తాయి. పరికరం కొనేముందు ఆసుపత్రివాళ్లని అడగండి, దాన్ని నడిపే మనిషి ఉన్నారా, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అని.

సంస్థని పరీక్షించడానికి 12ఏ, 80జీ నమోదులు (ఆదాయపన్ను శాఖ ఇచ్చేవి) ఉన్నాయా, ప్రభుత్వ ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో పేరుందా, ఆడిట్ చేసిన లెక్కలు చూపిస్తారా అన్నవి ఎలాగూ చూస్తారు. వాటితో పాటు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఆపరేషన్ ప్రభుత్వ పథకంలో వస్తే మా డబ్బు దేనికి వాడతారు?" పని తెలిసినవాళ్లు తడుముకోకుండా రవాణా, పథకంలోకి రాని మందులు, తోడున్నవాళ్ల భోజనం అని వరసగా చెప్తారు. "అన్నీ చూసుకుంటామండీ, మీరు లింక్ షేర్ చెయ్యండి" అన్నవాళ్లని నేను వదిలేశాను.

సంస్థ కాకుండా తెలిసిన ఒక్క బిడ్డ కోసం చేస్తుంటే ఆసుపత్రి అంచనా పత్రం చూసి, డబ్బు నేరుగా ఆసుపత్రికే కట్టండి. పోస్టరు మీద బిడ్డ మొహం వెయ్యకండి. రేపు ఆ పిల్ల బడికెళ్లాలి.

డబ్బు ఏ దారిలో?

సంస్థ సొంత లింకు ఉంటే అదే మేలు. రసీదు వాళ్లే పంపుతారు. మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ చందా వేదికల్లో పేజీ తెరవడం తేలిక, కాకపోతే వాళ్లు తీసుకునే రుసుము, టిప్పు పేరుతో అడిగేది ఎంతో మొదట్లోనే చూసుకోవాలి, ఇచ్చేవాళ్లకి చెప్పాలి.

అన్నిటికన్నా ప్రమాదం మన ఫోన్‌పే నంబరు. మొదటిసారి నేనూ అదే ఇచ్చాను. చందా, పాలవాడి బాకీ, తమ్ముడు తీర్చిన అప్పు అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయి, సంస్థకి పంపేటప్పుడు మూడు రాత్రులు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. ఒక పెళ్లిలో చిన్నాన్న వరస ఆయన అందరి ముందూ, "ఏరా, నా ఐదొందలు అక్కడికెళ్లాయా, నీ బూట్లకెళ్లాయా?" అని నవ్వుతూనే అడిగారు. నవ్వుతూ అడిగినా అడిగినట్టే. పైగా బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి మన ఖాతాలో ఊరికే పడితే అది మన ఆదాయం కింద లెక్కకొచ్చే చిక్కు కూడా ఉంది. తప్పనిసరైతే విడిగా ఒక ఖాతా పెట్టుకోండి.

పన్ను మినహాయింపు ఆశ చూపేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. 80జీ లాభం పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా 2,000 దాటి ఇస్తే దానికి మినహాయింపు రాదు. సోంపేట, కవిటి వైపు నుంచి గల్ఫ్ వెళ్లిన మన వాళ్లు భారతీయ పాస్‌పోర్టుతోనే ఉంటారు కాబట్టి, తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు ఇస్తే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంస్థ ఆయన దగ్గర తీసుకోకూడదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా అంతే. ఆయనే అందరికన్నా ఎక్కువ ఇస్తానని ముందుకొస్తారు కాబట్టి సంస్థని ఈ సంగతి మొదటే అడిగిపెట్టుకోండి.

నా నెల ముగిసిన మర్నాడు పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గరికి వెళ్లాను. మడమ వల్ల నాలుగు రోజులు పోయినా చివరి వారం నడిచి వంద పూర్తిచేశాను. ఆవిడ గల్లాపెట్టె కింద నుంచి రబ్బరు బ్యాండు వేసిన పది రూపాయల నోట్లు, కొన్ని ఐదు బిళ్లలు తీసి లెక్కపెట్టి రెండొందలు చేతిలో పెట్టింది. రసీదు రాసిస్తే, "నాకెందుకు, నీకాడే ఉంచు" అంది. నేను పుస్తకం మూస్తుంటే, "ఏ ఊరి పిల్లకెళ్తాది ఇది?" అని అడిగింది. సంస్థవాళ్లు ఇంకా చెప్పలేదన్నాను. "కనుక్కుని సెప్పు మరి" అని పళ్లెం మీద మూత తీసింది.

ఆ సాయంత్రమే సంస్థకి ఫోన్ చేశాను. పేరు చెప్పకూడదన్నారు, మండలం చెప్పారు. భామిని.